వేసవి కాలినడకకు దారి నెంచుకొనుట

వేసవి సెలవులు దగ్గరపడగానే మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులు మమ్ము రెండు విధములుగా ప్రశ్నింతురు. "ఈ ఏడు ఏ కొండకు?" అని కొందరు ఉత్సాహముతో నడుగుదురు. "ఈ ఏడును తీసికొనిపోవుదురా?" అని మరికొందరు శంకతో నడుగుదురు. బాగేపల్లి వైపు పల్లెనుండి మనుమరాలిని బడిలో దిగబెట్టుటకు వచ్చు అవ్వగారొకరు మొన్న మమ్ము గేటువద్దనే నిలిపి, "అయివారూ, గుట్టెక్కేదానికి మా పాప ఏమన్నా మేకనా?" అనిరి. అప్పటికి నవ్వి యూరకుంటిమి. ఆమెకును, ఆమెవలె తలంచు పెద్దలకును ఇయ్యవలసిన సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాము.

ఆ శంకకు కారణము లేకపోలేదు. కొన్నేండ్ల క్రిందట మేము చేసిన పొరపాటు మీలో కొందరికి తెలిసినదే. ఆ యేడు దారి నెంచుటలో మేము చూచినది కొండ యెత్తు నొక్కటే. పేరుగన్న కొండ నెక్కించితిమని నలుగురిలో చెప్పుకొనవలెనన్న ఆశ మాకుండెను. ఆరింటికి రావలసిన బస్సు ఎనిమిదింటికి వచ్చినది. అప్పుడే ప్రయాణము మానవలసినది, మానలేదు. తొమ్మిది దాటిన పిదప ఎక్కుట మొదలిడితిమి. సగము దారి పోవునప్పటికి చెట్టు లేదు, నీడ లేదు, ఉన్నది బోడిబండ. పదునొకండు గంటలకు ఐదవ తరగతి బాలిక యొకతె చతికిలబడినది. పేరడిగిన తప్పు చెప్పినది. మా సీసాలన్నియు అప్పటికే ఖాళీ. గొర్రెల కాపరి యొకడు బండసందున నున్న దొనను చూపినందున తడిగుడ్డలు కప్పి, నలుగురము మోసికొని దింపగలిగితిమి. సాయంకాలమునకు ఆ బిడ్డ ఆసుపత్రి మంచముపై లేచి కూర్చుండి దోసె కావలెనన్నది. మేము మాత్రము ఆ రాత్రి నిద్రపోలేదు. మరుసటి యేడు పిల్లల పేర్లిచ్చినవారు తొమ్మండుగురే. ఇయ్యనివారిని తప్పుపట్టలేము.

అప్పటినుండి దారి నెంచు పద్ధతినే మార్చితిమి. కొండ యెంత యెత్తన్న ప్రశ్నను కట్టకడపట అడుగుచున్నాము. మొదట అడుగునది వేరు: వచ్చువారిలో మిక్కిలి చిన్న బిడ్డ బరువెంత?

ఇది వింతగా తోచవచ్చును. లెక్క చూడుడు. బడిసంచి బరువు బిడ్డ బరువులో పదవవంతునకు మించరాదని కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రకటించిన బడిసంచి విధానము చెప్పుచున్నది. బడికి పోవు చదునుదారికే ఆ హద్దు ఉన్నప్పుడు రాతిదారికి అంతకన్న ఎక్కువ పెట్టుట తగదు. ఆరవ తరగతిలోని బక్కబిడ్డ బరువు 28 కిలోలనుకొందము. ఆ బిడ్డ వీపుపై మోయదగినది 2 కిలోల 800 గ్రాములు. ఎండలో నడచు బిడ్డకు గంటకు ఇంచుమించు అరలీటరు నీరు చొప్పున కట్టుకొనుట మంచిది. ఐదు గంటల దారియైనచో రెండున్నర లీటర్లు. లీటరు నీరు కిలో తూగును గనుక అదియే రెండున్నర కిలోలు. ఇక మిగిలినది 300 గ్రాములు. అందులో తిండి డబ్బా మాత్రమే పట్టును. దుప్పటికి చోటు లేదు. మూడు గంటల దారియైనచో నీటికి కిలోన్నర చాలును. నూలు దుప్పటి 600 గ్రాములు, తిండి 300, తువ్వాలయు టోపీయు 200, టార్చిలైటు 150. అన్నియు కూడినచో 2 కిలోల 750 గ్రాములు. మిగిలిన 50 గ్రాములకు సబ్బుబిళ్ళ యొకటి పెట్టుకొనవచ్చును. ఈ వస్తువులను కిరాణాకొట్టు తక్కెడలో నిజముగానే తూచితిమి. కొట్టువారు మమ్ము చూచిన చూపును ఇచ్చట వర్ణింపము.

ఈ లెక్కయే దారిని చాలవరకు నిర్ణయించును. మూటతో నడచునది మూడు గంటలకు మించరాదు. నడక ముగియు చోట త్రాగునీరు దొరకవలెను. కొండ నెక్కునప్పుడు రాత్రి సామాను మోయించరాదు. దానిని బసలో విడిచి నీళ్ళసీసాతో మాత్రమే ఎక్కవలెను. అనగా బస కొండ క్రిందనే యుండవలెను. ఇవి యన్నియు కుదిరిన దారులు మన జిల్లాలో లేకపోలేదు. కాని పేరుగన్న దారులన్నియు అట్టివి కావు.

నందికొండ సంగతి అందరెరిగినదే. 1,478 మీటర్ల యెత్తున చల్లని గాలి వీచును; సుల్తానుపేట వైపునుండి పాత మెట్లదారి కలదు. కాని సెలవుదినములలో పైన జనసమ్మర్దము, కార్ల బారులు. పిల్లలను లెక్కపెట్టుకొనుటతోనే ప్రొద్దు గడచిపోవును. కోతులు తిండి డబ్బాలను లెక్కపెట్టుకొనును. కళవారదుర్గమును ఇప్పుడందరు స్కందగిరి యనుచున్నారు. ఆ దారి నిటారైనది. అటవీశాఖవారి అనుమతిని ముందుగా ఆన్‌లైనులో పొందవలెను. కొండపై రాత్రి బసకు వీలులేదు. కాలేజీ పిల్లలకు బాగుండును గాని మన తక్కెడకు తూగదు. ఆవులబెట్ట నరసింహస్వామి గుడిదారి సులువే. అయినను లోయమీదికి చొచ్చిన ఆ అంచుబండల దగ్గర ఫోటోల మోజుగల పిల్లలను అదుపుచేయుట మా వలన కాదు.

చింతామణి తల్లిదండ్రులు మాపై నలుగకుందురు గాక. కైలాసగిరి మాకును ఇష్టమే. అంబాజీదుర్గపు కొండరాతిని తొలిచి చేసిన ఆ గుహాలయములలో మిట్టమధ్యాహ్నమునను చల్లదనముండును. కాని బండ్లు గుహల దాపునకే పోవును గనుక అది నడక గాదు, దర్శనము. కైవారము వేరు. మూడవ, నాలుగవ తరగతుల పిల్లలకు మేము దానినే ఎంచితిమి. గాజులమ్ముకొని బ్రదికి, పిదప యోగియై, తెలుగునను కన్నడమునను కీర్తనలల్లిన నారేయణ తాతయ్య ఊరది. మఠమున భోజనము దొరకును, బసయు దొరకును. కొండచుట్టు చెట్లనీడ కలదు. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము మాటలాడు మన పిల్లలు, ఆ రెంటిని ఒక్కనోట పలికిన పెద్ద యొకరు తమ తాలూకాలోనే యుండిరని చిన్ననాడే యెరుగుట మంచిది. బాగేపల్లి పిల్లలకు గడిదము వేంకటరమణస్వామి గుడివరకు ఉదయపు నడక చాలును. చిత్రావతి యొడ్డు వేసవిలో ఇసుక, ఎండ తప్ప మరేమియు చూపదు.

ఐదవ తరగతి మొదలుకొని పై తరగతులవారికి ఈ ఏడు మేము ఎంచినది గుడిబండ దారి. సాయంకాలము బైరసాగరము చెరువు వెంబడి మూటతో నడక, ఊరిలో బస, తెల్లవారుజామున కొండ. ఇది యేల కుదిరినదో కొంచెము విపులముగా చెప్పుదుము.

మన పూర్వవిద్యార్థులు కొందరు అమెరికాలో నున్నారు. వేసవిలో పిల్లలతో చెరువుల అడవికి పోయితిమని, వీపున పెద్దపెద్ద సంచులతో దిగిన ఫోటోలు పంపుచుందురు. అవి చూచి "మనము మాత్రము మూడు గంటల నడకయేనా?" అని పెద్ద తరగతుల పిల్లలు మమ్ము నిలదీసిరి. వారికి చెప్పినదే మీకును చెప్పుచున్నాము. ఆ దేశపు ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దున, మిన్నెసోటా రాష్ట్రములో వేయికి పైగా సరస్సులు గల సంరక్షితారణ్యము కలదు. వేల యేండ్ల క్రిందట మంచుదిబ్బలు రాతినేలను గీకి తొలిచి పోయిన గుంటలలో నిలిచిన నీరది. అచ్చట వేసవి యనగా మన కార్తికమాసమువంటిది. చెట్లనీడ, చల్లని నీరు. ఆ నీటిని వడగట్టియో కాచియో త్రాగుదురు గనుక రోజునకు సరిపడు నీరంతయు మోయనక్కరలేదు. నీటి బరువు లేనందుననే వారి సంచిలో గుడారమునకు చోటు దొరకినది. మన సంచిలో ఆ చోటును నీళ్ళసీసా ఆక్రమించుకొన్నది. ఫోటోలో ఇది కనబడదు.

అయినను వారినుండి మేమొకటి నేర్చుకొంటిమి. ఆ అరణ్యములో రాత్రి గడపుటకు ముందుగా అనుమతిచీటి కావలెను; ఒక గుంపులో తొమ్మండుగురికి మించి పోరాదు. గుంపు చిన్నదైనచో చప్పుడు తక్కువ, చెత్త తక్కువ, తప్పిపోయిన వాని జాడ వెంటనే తెలియును. మేమును ఎనమండుగురు పిల్లలకు ఒక పెద్దను కూర్చి, తొమ్మండుగురిని ఒక గుంపు చేయ నిశ్చయించితిమి. పెద్దలెందరు దొరికిన అన్ని గుంపులే పోవును. మిగిలిన పిల్లలు మరియొక వారము పోవుదురు.

మన చెరువులు మంచు తవ్వినవి కావు, మనుష్యులు కట్టినవి. చిక్కబళ్ళాపురము జిల్లాలో ఏడాది పొడుగున పారు నది లేదు. నందికొండ చుట్టుపట్లనుండి పినాకిను లిరువురును, చిత్రావతియు, అర్కావతియు బయలుదేరును గాని, పుట్టినింట వానికి నీరు తక్కువ. కనుక పూర్వులు వాన కురిసిన చోటనే నీటిని నిలుపుటకు వాగునకు అడ్డముగా మన్ను పోసిరి. ఒక చెరువు నిండి పొర్లిన నీరు క్రింది చెరువునకు, అది నిండిన మరియొక దానికి. గుడిబండ కొండపైనుండి చూచినచో ఈ గొలుసు పిల్లలకు బోధింపనక్కరలేక కనబడును. కొండ క్రిందనున్న పెద్ద చెరువే బైరసాగరము. దానికి అమాని బైరసాగరమని పేరు. ఎవరికిని గుత్తకు ఇయ్యక సర్కారు తానే చూచుకొనుదానిని పూర్వపు రెవిన్యూ మాటలలో అమాని యనెడివారు. కొండకోటను, ఈ చెరువును కట్టించినది బైరేగౌడ యను పాళెగాడని చెప్పుదురు. నీరు నిండుగా నున్నప్పుడు పైనుండి చూచిన చెరువు భారతదేశపు పటమువలె కనబడునని ప్రసిద్ధి. కన్యాకుమారి ఎచ్చటనున్నదో వెదకుటలో పిల్లలు ఎక్కిన ఆయాసమును మరచిపోవుదురు. మాకు మాత్రము కాశ్మీరము ఎంత వెదకినను సరిగా కుదరలేదు.

కట్టవెంబడి నడచుచు పిల్లలకు కొన్ని మాటలు నేర్పవలెనని మా కోరిక. నీటినాపునది కట్ట, పొలములకు నీరు విడుచు కన్నము తూము, ఎక్కువైన నీరు పొర్లిపోవు చోటు అలుగు, మన పల్లెలలో దీనినే మొరవ యనువారును కలరు. తూము క్రింద పారు పొలమంతయు ఆయకట్టు. కన్నడమున కట్టను ఏరి యందురు, తూమును తూబు అందురు, అలుగును కోడి యందురు. చెరువునకు కోడి యేమని మన పిల్లలు నవ్వుదురు. నవ్విన మాటను మరువరు. పుస్తకములో చదివిన పర్యాయపదములు పరీక్షతో పోవును. తూము రాతిమీద చేయి పెట్టి నేర్చినవి నిలుచును. మన సంఘము ఏర్పడినది ఇట్టి మాటలు నిలుపుకొనుటకే గదా. సర్కారు లెక్కలో మనము అల్పసంఖ్యాకులము. బాగేపల్లి సంతలో ఎవ్వరు అల్పసంఖ్యాకులో చెప్పుట కష్టము.

ఇక చెరువునుగూర్చి తల్లులు అడుగు ప్రశ్న ఒక్కటే: నీటిలో దిగుదురా? దిగరు. చీలమండలవరకైనను దిగరు. ఈత వచ్చిన బిడ్డయైనను దిగడు. వేసవిలో నీరు తగ్గి చెరువు సాధువుగా కనబడును. అప్పుడే అది మోసము చేయును. ఎండి పెచ్చుగట్టిన ఒండ్రు క్రింద మెత్తని బురద యుండును, కాలు పెట్టిన మోకాలివరకు దిగబడును. ఇటుకలకు, పొలములకు మన్ను తవ్వుకొనిన గుంతలు నీటిక్రింద మరుగుపడియుండును. మోకాలిలోతు నీటిలో నడచుచున్నవాడు తరువాతి యడుగున మునిగిపోవుట ఇందువలననే. మన జిల్లాలో చెరువులలోను బావిగుంతలలోను పోయిన పిల్లలలో ఈత వచ్చినవారును కలరు. కట్టపై నడచునప్పుడు పెద్దలు నీటివైపున, పిల్లలు పొలమువైపున నడతురు.

త్రాగుటకు ఆ నీరు పనికిరాదు. ఈ విషయములో చిక్కబళ్ళాపురపు వారికొక మాట. బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని శుద్ధిచేసి 65 చెరువులకు పంపు పథకము క్రింద మన కందవార చెరువునకు నీరు వచ్చుచున్నది. అది భూగర్భజలము పెంచుటకే గాని త్రాగుటకు గాదు. కందవార చెరువు నిండుగా నున్నదని అక్కడి నడకలో సీసాలు నింపుకొనవలదు. బైరసాగరము వానచెరువే అయినను పశువులు దిగు నీరు. పోనీ బోరునీరు త్రాగుదమన్న, బాగేపల్లి, గుడిబండ, చింతామణి ప్రాంతములలోని లోతైన బోరుబావులలో ఫ్లోరైడు అధికము. లీటరునకు ఒక మిల్లిగ్రాము వరకు మంచిదనియు, వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు సహింపవచ్చుననియు ప్రమాణము. మన బోరులు అనేకము దానిని దాటినవి. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తరిగినకొలది చిక్కబడును. ఒక్కపూట త్రాగినందున బిడ్డ పండ్లు చెడవు, భయపడనక్కరలేదు. కాని దినదినము ఇంట త్రాగు నీటిని గూర్చియు ఈ సందర్భమున ఆలోచింపుడు. గుడిబండలో మేము పోయి చూచినప్పుడు బసకు సమీపమున శుద్ధనీటి ఘటకము పనిచేయుచుండెను. పోవుటకు ముందునాడు మరల ఫోనులో విచారింతుము. అది చెడియున్నచో ఇరువది లీటర్ల క్యానులు బస్సులోనే వచ్చును.

నడక ఏ వేళ, ఎక్కుట ఏ వేళ అనుటలో గూడ కారణమున్నది. సాయంకాలము చల్లబడును గదా, కొండను అప్పుడే ఎక్కరాదా అని తండ్రి యొకరు అడిగిరి. మన కొండలు బండలు. బండ పగలంతయు ఎండను త్రాగి, ప్రొద్దుగ్రుంకిన పిదపను చాలసేపు వేడిని కక్కుచుండును. గాలి చల్లబడినను కాళ్ళక్రింద పెనము కాగుచుండును. మన్నుకట్ట అట్లు గాదు. ప్రక్కన నీరున్నందున గాలియు చల్లగా వచ్చును. కనుక సాయంకాలము కట్టకు, వేకువ బండకు. మేము ఐదవ తరగతి పిల్లల నడకను తలచి, ఆగుచు ఆగుచు ఊరికి ఇవతల బస్సు దిగిన చోటునుండి బసవరకు నడచితిమి; రెండు గంటలు పట్టినది. మరునాడు ఐదు ముప్పావునకు, దారి కనబడు వెలుగు రాగానే, కొండ మొదలిడితిమి. పైకి గంట. కోట ప్రాకారములు అంచెలంచెలుగా నున్నవి. ఒక్కొక్క అంచె కడ నిలిచి ఊపిరి తీసికొనుటకు వీలగును. మెట్లున్న చోట్లును కలవు, చేతులూని ఎక్కవలసిన చోట్లును కలవు. పైన రామలింగేశ్వరుని గుడి. బండలలో వాననీరు నిలుచు దొనలు పలుచోట్ల నున్నవి. ముట్టడిలో చిక్కిన కోటలోని వారికి ఆ నీరే ప్రాణము. పిల్లలు వానియందు తొంగి చూడవచ్చును గాని అంచునకు పోరాదు, పాచి జారును. ఎనిమిదింటికి క్రిందనుండవలెను. ఏ కారణముచేతనైనను ఆరున్నరకు ఎక్కుట మొదలిడలేకపోయినచో ఆనాడు కొండ లేదు. ఇది మేము మాకు పెట్టుకొనిన నియమము. బస్సు ఆలస్యమన్న మాట ఇక మా నోట వినబోరు, ఏలయన ముందునాటి రాత్రికే పిల్లలు కొండక్రింద నుందురు.

నెల యేది? ఫలితములు చెప్పిన వారములోనే, అనగా ఏప్రిల్ రెండవ వారమున. మే నెలలో వానజల్లులు పడి చల్లబడును గదా అందురేమో. ఆ జల్లులు పిడుగులతో వచ్చును. బోడికొండపై నిలుచున్న మనిషియే అచ్చట అన్నిటికన్న ఎత్తైనది. ఏప్రిల్‌లోనైనను ఉరుము వినబడిన వెంటనే దిగుదుము, గుడి ఎంత దగ్గరనున్నను. చెరువున నీరెంత యున్నదో మార్చి నెలాఖరున పోయి చూతుము. 2021 నవంబరు వానలకు మన చెరువులనేకము అలుగు పారినవి. అట్టి యేడు వేరు, వానలు తప్పిన యేడు వేరు. నీరు బొత్తిగా లేకున్నచో పెద్ద పిల్లలను గూడ కైవారమునకే తీసికొనిపోవుదుము. ఎండిన చెరువు చూపుట గూడ పాఠమే యని మాలో ఒకరు వాదించిరి. గాలి చల్లగా రాని కట్టపై రెండు గంటలు మూటతో నడిపించి చెప్పవలసిన పాఠము గాదది.

గుడారములు ఏల వేయరని పిల్లలు మరల మరల అడుగుచున్నారు. కట్టరాళ్ళ సందులలో వేసవిరాత్రి వేడికి తేళ్ళు, పాములు బయటికి వచ్చును. రక్తపింజరి కదలక పడియుండును, త్రొక్కినగాని తెలియదు. పైకప్పు, దీపము, శౌచాలయము గల చోటనే పడక. ఆడపిల్లలకు వేరు గది, ఇద్దరు ఉపాధ్యాయినులు. రాత్రి బయటికి పోవలసినచో టార్చిలైటు వెలిగించి, బూట్లు దులిపి తొడిగి పోవలెను. కొండచరియలలో పెద్ద తేనెపట్లు వ్రేలాడుచుండును. రాయి విసరుట, అరచుట, అత్తరు పూసికొనుట నిషిద్ధము. ఈ మూడింటిలో మొదటిది మగపిల్లలకు ప్రత్యేకముగా ఇంట చెప్పి పంపుడు.

తిండి విషయములో తల్లుల ప్రేమ మాకు తెలియును. పెరుగన్నము ఎండలో పులిసిపోవును. పూరీలు దప్పిక పెంచును. చింతపండు పులిహోర సాయంకాలమువరకు నిలుచును. వేరుసెనగ బెల్లపుటుండలు రెండు చాలును. ఉదయము కొండ దిగిన వెంటనే రాగియంబలియు, ఉప్పు వేసిన మజ్జిగయు మేము సిద్ధపరతుము. చెమటతో పోవునది నీరు మాత్రమే కాదు, ఉప్పును. ఉత్త నీరు ఎంత త్రాగినను నీరసము తీరకుండుట ఇందువలననే. రంగునీళ్ళ సీసాలు కొనియియ్యవలదు. ప్లాస్టిక్కు సంచి యేది తెచ్చినను అది ఖాళీదైనను తిరిగి ఇంటికే వచ్చును, మేము లెక్కపెట్టుదుము.

ప్రతి గుంపులోని పెద్దకును వడదెబ్బ గుర్తులు నేర్పితిమి. తలనొప్పి, వాంతి, కాళ్ళు పీకుట వచ్చినచో నీడను కూర్చుండబెట్టి ఉప్పు చక్కెర కలిపిన నీరిచ్చిన తేరుకొనును. ఒళ్ళు కాలుచు మాట తడబడినచో అది వేరు. అప్పుడు నోట నీరు పోయరాదు, బట్టలు వదులుచేసి ఒంటినిండ నీరు పోసి విసరుచు 108కి ఫోను చేయవలెను. నాడు ఆ బాలిక తన పేరు తప్పు చెప్పినప్పుడు మాలో ఇద్దరము "అలసినది, కొంచెము కూర్చుండనీ" అనుకొంటిమి. పది నిమిషములు అట్లు పోయినవి.

బిడ్డకు ఉబ్బసము, మూర్ఛ, ముక్కునుండి నెత్తురు కారుట వంటివి యున్నచో దాచవద్దు. చెప్పినందున తీసికొనిపోకుందుమని భయము వలదు. అట్టి బిడ్డను వెంటనంటియుండు పెద్దయొకరు వత్తురు. కొండ ఎక్కలేని బిడ్డ ప్రాకారపు మొదటి అంచెవరకు వచ్చి, చెట్టునీడను చెరువు చూచుచు కూర్చుండవచ్చును. అచ్చటినుండియు చెరువు బాగుగనే కనబడును. క్రొత్త బూట్లు కొనవలదు. పాతవి, కాలికి అలవడినవి, అడుగు గరుకుగా నున్నవి చాలును. వీపుసంచి బడిసంచియే కావచ్చును, పట్టీలు రెండును గట్టిగా కుట్టియున్నచో.

అవ్వగారి మనుమరాలు నాలుగవ తరగతి గనుక ఈ ఏడు కైవారమునకే వచ్చును. వచ్చు సంవత్సరము గుడిబండకు పోవునప్పుడు అవ్వగారును చెరువుకట్టవరకు రావలెనని కబురు పంపితిమి. తూమును, మొరవను మాకంటె ఆమెయే బాగుగ చెప్పగలరు.

అనుమతిపత్రములు తరగతి ఉపాధ్యాయులకడ నున్నవి. అందు బిడ్డ బరువు వ్రాయుటకు గడియొకటి పెట్టితిమి. అంచనాగ వ్రాయక, తూచి వ్రాయుడు. సంచి లెక్క దానిపైననే చేయుదుము.